బయో అంటే ప్రాణమా, బతుకా? తొమ్మిదో తరగతి అమ్మాయి వేసిన మూడు ప్రశ్నలు

ప్రశ్న: గుంటూరు టీచర్

అందరికీ నమస్కారం. నేను గుంటూరులో ఒక ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధిస్తున్నాను. డిగ్రీ వరకు తెలుగు మాధ్యమంలోనే చదువుకున్నదాన్ని కాబట్టి సూక్ష్మజీవి, సహజీవనం, ఉభయచరం, అవాయు శ్వాసక్రియ వంటి మాటలు వినగానే నాకు సగం పాఠం అర్థమైపోయేది. ఇప్పుడు నా ఎదుట కూర్చునే పిల్లలు ఇంగ్లీషు మాధ్యమంలో చదువుతున్నారు. మైక్రోబ్, సింబయోసిస్, యాంఫీబియన్, అనేరోబిక్ అనేవి వాళ్ళకు ఒకదానికొకటి పొంతన లేని నాలుగు శబ్దాలు; స్పెల్లింగు బట్టీపట్టి, నిర్వచనం బట్టీపట్టి, పరీక్ష రాసి మరిచిపోతున్నారు. ఇది చూడలేక ఈ ఏడాది నుంచి మాటను విడదీసి బోర్డు మీద రాయడం మొదలుపెట్టాను. గ్రీకులో "బయో" అంటే జీవం అని చెప్పి, ఆ ముక్క ఏ మాటలో ఎక్కడ దాగి ఉందో పిల్లలచేతనే వెతికిస్తున్నాను. వాళ్ళకు ఇది బాగా నచ్చింది.

అయితే పోయిన వారం ఒక అమ్మాయి లేచి వరుసగా మూడు సందేహాలు అడిగింది. మొదటిది: యాంఫీబియన్‌లో ఉన్నది బయో కాదు, "బి" కదా, బైసికిల్‌లో "బి" అంటే రెండు అని ఇంగ్లీషు టీచరు చెప్పారు, మరి కప్పలో ఉన్నది ఏ "బి"? రెండవది: వాళ్ళ నానమ్మకు మెడ దగ్గర గడ్డ వస్తే బయాప్సీ చేశారట, చిన్న సీసాలో వేసి ఇచ్చిన ముక్కను ల్యాబుకు తీసుకువెళ్ళినప్పుడు ఈ పిల్ల కూడా ఉన్నది. "ఆ ముక్క అప్పటికే చచ్చిపోయింది కదండీ, మరి దానికి జీవం అనే పేరెందుకు?" అని అడిగింది. మూడవది విన్నాక తరగతి మొత్తం నిశ్శబ్దమైపోయింది: "యాంటీ అంటే వ్యతిరేకం, బయో అంటే జీవం అయితే, జీవానికి వ్యతిరేకమైన మందును ప్రాణం నిలపడానికి ఎందుకు ఇస్తారు?"

మొదటిదానికి ఏదో చెప్పాను గాని నాకే తృప్తి కలగలేదు. రెండవదానికి రేపు చెబుతానన్నాను. మూడవదానికి "సూక్ష్మజీవుల జీవానికి వ్యతిరేకం" అన్నాను, "ఆ మాటలో సూక్ష్మం అనేది ఎక్కడుంది?" అని తిరిగి అడిగింది. ఆ పిల్లకు పొరపాటు చెప్పడం నాకు ఇష్టం లేదు. తెలిసినవారు దయచేసి వివరించగలరు.

సమాధానం: విశ్రాంత అధ్యాపకుడు, విజయవాడ

అమ్మా, మీ విద్యార్థిని ప్రశ్నలు మూడూ విడివిడిగా కనిపిస్తున్నా వాటి అడుగున ఉన్న చిక్కు ఒకటే అని నాకు అనిపిస్తున్నది. మనం "బయో"కు మూలమైన "బియోస్" అనే గ్రీకు మాటను తెలుగులోకి తెచ్చేటప్పుడు జీవం, ప్రాణం అని చెప్పేస్తాము. అయితే గ్రీకులో ప్రాణంతో ఉండటం అనే స్థితికి సాధారణంగా వాడే మాట వేరే ఉన్నది, అది "జోయె". దాని చుట్టమైన "జోయన్" అంటే ప్రాణి, జంతువు. జువాలజీ అనే పేరు అక్కడి నుంచే వచ్చింది. బియోస్ అంటే ఒక ప్రాణి ఎలా బతుకుతున్నది, ఎక్కడ బతుకుతున్నది, ఎంతకాలం బతుకుతున్నది, ఏం తిని బతుకుతున్నది అనేది. ఒక మనిషి జీవితకథను కూడా గ్రీకులు బియోస్ అనేవారు. తర్వాతి కాలపు గ్రీకులో "బియోలోగోస్" అంటే శాస్త్రజ్ఞుడు కాడు. మనుషుల బతుకులను అనుకరించి చూపే నటుడు. బయాలజీ అనే పేరుకు ఇప్పటి అర్థం స్థిరపడింది 1802లో మాత్రమే. ఆ సంవత్సరం ఫ్రాన్సులో లామార్క్, జర్మనీలో ట్రెవిరానుస్ ఎవరికివారుగా దానిని జీవులను గురించిన శాస్త్రానికి పేరుగా పెట్టారు.

ఈ తేడా మన భాషకు కొత్తది కాదు. "ఒంట్లో ప్రాణం లేదు" అనడం వేరు, "అదీ ఒక బతుకేనా" అనడం వేరు. "బతుకుతెరువు" అంటాము గాని "ప్రాణతెరువు" అనము. కన్నడంలోనూ "బదుకు" అంటే జీవించడమే కాక జీవనోపాధి కూడా. అందువల్ల బియోస్‌కు తెలుగులో అన్నిటికన్నా దగ్గరి మాట "బతుకు" అని నేను అంటాను. మాటను ఇలా మార్చి చూస్తే యాంఫీబియన్ సులువుగా విడిపోతుంది. "ఆంఫి" అంటే రెండు వైపులా. "బియోస్" అంటే బతుకు. గ్రీకులోనే "ఆంఫిబియోస్" అనే విశేషణం ఉన్నది, నీటిలోనూ నేలమీదా బతికేది అని దాని అర్థం. తోకకప్పగా చెరువులో మొప్పలతో ఒక బతుకు, కాళ్ళు వచ్చాక గట్టుమీద ఊపిరితిత్తులతో మరొక బతుకు. ఇంగ్లీషులోకి వచ్చేసరికి బియోస్ చివరి అచ్చులు అరిగిపోయి "బి" మాత్రమే మిగిలింది. బైసికిల్‌లోనూ బైనరీలోనూ ఉన్న "బి" లాటిన్ భాషది, దాని అర్థం రెండు. ఈ రెంటికీ ఏ చుట్టరికమూ లేదు. అమ్మాయికి పొరపాటు రావడం చాలా సహజం, ఎందుకంటే రెండు అనే భావం ఆ మాటలో నిజంగానే ఉన్నది. అయితే అది "ఆంఫి"లో ఉన్నది.

మన పాఠ్యపుస్తకాలవారు దీనిని "ఉభయచరం" అన్నారు. ఉభయ అంటే రెండూ, చర అంటే తిరిగేది. జలచరం, భూచరం అనే పాత మాటల వరుసలో చక్కగా అమరింది గాని, అనువాదంలో బతకడం పోయి తిరగడం వచ్చింది. తిరగడమే లెక్క అయితే మొసలిని, తాబేలును కూడా అందులో చేర్చవలసి వస్తుంది. జీవులను వర్గీకరించిన స్వీడన్ శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 18వ శతాబ్దంలో ఆంఫీబియా అని పేరుపెట్టిన వర్గంలో పాములు, తాబేళ్ళు కూడా నిజంగానే ఉండేవి. వాటిని తర్వాతివారు విడదీశారు.

ఇంకొక విషయం చెప్పి ముగిస్తాను, ఇది పిల్లలకు చెబితే కళ్ళు మెరుస్తాయి. బియోస్, మన జీవ శబ్దం ఒకే మూలం నుంచి వచ్చిన తోబుట్టువులు. ఆ మూలభాషలో "గ", "వ" కలిసి పలికే ఒక ధ్వని ఉండేది. అది చాలాచోట్ల గ్రీకులో "బ" అయింది, సంస్కృతంలో "గ" గానో, ఇకారం ముందు "జ" గానో మిగిలింది. సంస్కృతంలో "గో" అంటే ఆవు, గ్రీకులో ఆవుకూ ఎద్దుకూ "బౌస్". అదే పద్ధతిలో ఇక్కడ "జీవ", అక్కడ "బియోస్". లాటిన్‌లో అది "వివుస్" అయింది. ఇంగ్లీషువారి "క్విక్" కూడా ఈ కుటుంబంలోదే. దానికి పాత అర్థం ప్రాణమున్నది అని. కుదురుగా నిలవక పరుగులు తీస్తుంది కాబట్టి పాదరసాన్ని వాళ్ళు ప్రాణమున్న వెండి అనే అర్థంలో క్విక్‌సిల్వర్ అన్నారు. నేను ఏటా పింఛను కోసం వేలిముద్ర వేసి, బతికే ఉన్నానని తెలియజేసుకుంటాను. ఆ యంత్రం చేసే పని పేరు బయోమెట్రిక్, ఆ పత్రం పేరు జీవన్ ప్రమాణ్. బియోస్‌కు జీవన్ తోబుట్టువు. కొలత అనే అర్థమున్న "మెట్రాన్"కు, ప్రమాణంలోని "మా" ధాతువు కూడా తోబుట్టువే. పత్రానికి పేరు పెట్టినవారు ఇది ఆలోచించారో లేదో గాని, రెండు పేర్లూ ఒకదాని పక్కన ఒకటి అచ్చుపడి ఉండటం చూసినప్పుడల్లా నాకు సంతోషంగా ఉంటుంది.

మైక్రోబ్ సంగతి కూడా ఇంతే: "మిక్రోస్" అంటే చిన్న, బియోస్ అంటే బతుకు, కలిపితే చిన్న బతుకు. అక్కడ బియోస్ ఇంకా అరిగిపోయి చివరి "బ్" ఒక్కటే మిగిలింది. సింబయోసిస్ అంటే కలిసి బతకడం. బయాప్సీ, యాంటీబయాటిక్ వైద్యానికి సంబంధించినవి కాబట్టి ఆ రంగంవారు చెప్పడం న్యాయం.

సమాధానం: పెథాలజిస్టు, కొత్తపేట

టీచర్ గారికి నమస్కారం. గుంటూరు కొత్తపేటలో ఆసుపత్రుల మధ్యనే నా ల్యాబు ఉన్నది. ఆ అమ్మాయి చూసినటువంటి సీసాలు రోజూ నా బల్లమీదకు వస్తాయి. అందుచేత రెండవ ప్రశ్నకు నేను సమాధానం చెబుతాను.

బయాప్సీ అనే మాటను 1879లో ఎర్నెస్ట్ బెనియే అనే ఫ్రెంచి చర్మవైద్యుడు వైద్యలోకంలో ప్రవేశపెట్టాడు. "ఓప్సిస్" అంటే చూడటం. దీని పక్కన ఆటాప్సీ అనే పాత మాటను పెట్టి చూస్తే విషయం తేలిపోతుంది. ఆటాప్సీ అంటే అసలు అర్థం స్వయంగా, తన కళ్ళతో చూడటం. అయితే వైద్యంలో అది శవపరీక్షకు పేరుగా నిలిచిపోయింది. అంతకుముందు శరీరం లోపలి కణజాలంలో ఏమి జరిగిందో తెలుసుకోవాలంటే చాలావరకు మనిషి పోయాక చూడవలసిందే. మనిషి బతికి ఉండగానే చిన్న ముక్క తీసి చూడవచ్చు, చూసి వైద్యం చేయవచ్చు అన్నదే కొత్త సంగతి, ఆ కొత్తదనానికే ఆ పేరు. కాబట్టి బయాప్సీలోని బియోస్ సీసాలో ఉన్న ముక్కది కాదు. ఆ ముక్క ఎవరి ఒంటినుంచి వచ్చిందో వారిది. అమ్మాయి గమనించింది నిజమే, ముక్క చనిపోయింది. బియోస్ మాత్రం నానమ్మగారిది.

ముక్కను వెంటనే ఫార్మలిన్‌లో వేస్తాము. కణాలు ఒంటినుంచి విడిపోయిన క్షణం నుంచి తమలోని ఎంజైములతో తామే కరిగిపోవడం మొదలుపెడతాయి. ఫార్మలిన్ ఆ కరగడాన్ని ఆపి, కణం బతికి ఉన్నప్పటి ఆకారాన్ని ఉన్నదున్నట్టు పట్టి ఉంచుతుంది. తర్వాత దానిని మైనంలో పొదిగి, మైక్రోటోమ్‌తో మూడు నుంచి ఐదు మైక్రాన్ల మందంలో పొరలు కోసి, రంగులు పట్టించి చూస్తాము. హెమటాక్సిలిన్‌తో కేంద్రకాలు నీలంగానూ, ఇయోసిన్‌తో మిగిలిన భాగం గులాబీగానూ కనిపిస్తాయి. ముక్కను ఫార్మలిన్‌లో కాకుండా మామూలు నీళ్ళలో వేసి తెచ్చినవారిని నేను చూశాను. రాత్రంతా అలా ఉన్న ముక్క తెల్లవారేసరికి ఉబ్బిపోయి, మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే కేంద్రకాలన్నీ నీడల్లా అలికిపోయి ఉంటాయి. అటువంటప్పుడు మళ్ళీ ముక్క తీయించుకోమని చెప్పవలసి వస్తుంది. ఆ మాట ఒక పెద్దావిడకు చెప్పడం ఎంత కష్టమో చెప్పలేను.

మన దగ్గర దీనిని "ముక్క పరీక్ష" అంటారు. ఆ మాట పలకగానే ఇంట్లో అందరూ క్యాన్సరే అనుకుని గుండెలు జారిపోతారు. మెడ దగ్గర గడ్డలకు మా దగ్గర తరచుగా తేలే కారణాలలో క్షయ ఒకటి, అది మందులతో నయమయ్యే వ్యాధి. ముక్క తీస్తే జబ్బు పాకిపోతుందన్న భయంతో నెలల తరబడి ఆగిపోయేవారు కూడా ఉన్నారు. మీ తరగతిలో ఆ పేరు వెనుక ఉన్న అర్థం చెబితే, ఆ పిల్లలు ఇంటికి వెళ్ళి ఒక్క మాటైనా ధైర్యంగా చెబుతారు. ఆ అమ్మాయి నానమ్మగారు కులాసాగా ఉన్నారని ఆశిస్తున్నాను.

సమాధానం: సూక్ష్మజీవశాస్త్ర పరిశోధక విద్యార్థిని, విజయవాడ

మూడవ ప్రశ్నకు సమాధానం చెప్పేముందు, మాస్టారు గారు చెప్పినదానిలో ఒక్క చోట సవినయంగా సవరణ చెప్పాలనుకుంటున్నాను. మైక్రోబ్‌ను "చిన్న బతుకు" అని పిల్లలకు చెబితే, గ్రీకు తెలిసినవారు దానిని తక్కువకాలం బతికేది అని అర్థం చేసుకుంటారు. గ్రీకులో "మాక్రోబియోస్" అంటే దీర్ఘాయువు గలవాడు, "మిక్రోబియోస్" అంటే అల్పాయువు. 1878లో ఫ్రెంచి శస్త్రవైద్యుడు సెడియో మైక్రోబ్ అనే పేరు సూచించినప్పుడు ఈ అభ్యంతరం నిజంగానే ఉన్నది. ఆయన నిఘంటుకర్త లిత్రేను సంప్రదించాడు. లిత్రే ఆ గ్రీకు అర్థం నిజమేనని ఒప్పుకుంటూనే, ఇది ప్రాచీన గ్రీకును మాట్లాడటం కాదు, గ్రీకు ముక్కలతో మన శాస్త్రానికి మాటలు కట్టుకోవడం, పేరు తన్ను తానే నిలబెట్టుకుంటుంది, వదిలేయండి అని సలహా ఇచ్చాడు. అది నిలబడింది. కాబట్టి మైక్రోబ్ దగ్గర "సూక్ష్మజీవి" అన్న మన పుస్తకపు మాటే ఎక్కువ సరైనది.

ఇప్పుడు యాంటీబయాటిక్. దీనికి ముందు మాట "ఆంటీబయోసిస్". దానిని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాల్ వీయమాఁ 1889లో వాడాడు. పదేళ్ళ ముందు, 1879లో, జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు డి బారీ రెండు వేరు వేరు జాతులు కలిసి బతకడాన్ని సింబయోసిస్ అని నిర్వచించి ఉన్నాడు. వీయమాఁ దానికి ఎదురుమాట కట్టాడు: ఒక జీవి తన బతుకు నిలుపుకోవడానికి మరొక జీవి బతుకును నాశనం చేయడం. కాబట్టి ఆ మాటలో మందు లేదు, వైద్యుడు లేడు. రెండు జీవుల మధ్య ఉన్న సంబంధం ఉన్నది. మొత్తం జీవానికి వ్యతిరేకం అన్న అర్థం దానిలో మొదటినుంచీ లేదు. అమ్మాయికి సహజీవనం పాఠం పూర్తయి ఉంటే, దాని పక్కనే దీనిని పెట్టి చెప్పండి, ఇట్టే అందుకుంటుంది.

తర్వాత సెల్మన్ వాక్స్‌మన్ అనే నేల సూక్ష్మజీవుల శాస్త్రజ్ఞుడు 1940ల తొలి ఏళ్ళలో "యాంటీబయాటిక్" అనే విశేషణాన్ని పదార్థానికి పేరుగా మార్చాడు: ఒక సూక్ష్మజీవి తయారుచేసి, చాలా తక్కువ మోతాదులో మరొక సూక్ష్మజీవి పెరుగుదలను ఆపే లేదా దానిని చంపే పదార్థం యాంటీబయాటిక్. అమ్మాయి అడిగిన "సూక్ష్మం" ఈ నిర్వచనంలో ఉన్నది, పేరులో లేదు. 1943లో ఆయన ప్రయోగశాలలో స్ట్రెప్టోమైసిస్ అనే నేల సూక్ష్మజీవి నుంచి స్ట్రెప్టోమైసిన్ దొరికింది. క్షయకు పనిచేసిన మొదటి యాంటీబయాటిక్ అదే. తొలకరి చినుకు పడగానే మట్టినుంచి లేచే వాసనలో ఈ స్ట్రెప్టోమైసిస్ జాతి విడుదల చేసే పదార్థం ఉంటుంది. నేను ప్రయోగశాలలో పెట్రీ పళ్ళెం మూత తీసినప్పుడు ఆ వాసనే వస్తుంది. పళ్ళెం మధ్య సుద్దపొడి చల్లినట్టు తెల్లగా అది పెరుగుతుంది, దాని చుట్టూ బాక్టీరియా పెరగలేక వదిలేసిన ఖాళీ వలయం ఒకటి స్పష్టంగా కనిపిస్తుంది. ఆంటీబయోసిస్ అంటే ఏమిటో ఆ వలయం చూపినంతగా ఏ నిర్వచనమూ చూపలేదు.

పిల్లలకు ఇంకొక పేరు తప్పక చెప్పండి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలలకు పరిశోధన విభాగాధిపతిగా ఉండగా, బెంజమిన్ డగ్గర్ నేలలోని మరొక స్ట్రెప్టోమైసిస్ నుంచి ఆరియోమైసిన్‌ను కనుగొన్నాడు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి మందు అదే. అది లోకానికి తెలిసిన 1948లోనే సుబ్బారావు గారు మరణించారు.

వాక్స్‌మన్ నిర్వచనాన్ని అక్షరాలా పాటిస్తే, రసాయనికంగా తయారైన సల్ఫా మందులు యాంటీబయాటిక్‌లు కావు. వాడుకలో ఈ హద్దు ఇప్పుడు చెరిగిపోయింది. చెరగని హద్దు ఒకటి ఉన్నది. వైరస్‌కు బాక్టీరియాకు ఉన్నట్టు సొంత కణగోడ లేదు, సొంతంగా ప్రోటీన్లు తయారుచేసుకునే యంత్రాంగం లేదు. ఈ మందులు దెబ్బతీసేది వాటినే కాబట్టి జలుబుకు, ఫ్లూకు యాంటీబయాటిక్ బిళ్ల పనిచేయదు. ఆ అమ్మాయి ప్రశ్నకు కొనసాగింపుగా ఇది చెప్పడం ఎంతో అవసరమని నా అభిప్రాయం.

గుంటూరు టీచర్

మీ ముగ్గురికీ ఎంత కృతజ్ఞత చెప్పినా తక్కువే. డాక్టరు గారూ, ఆ నానమ్మగారిది క్షయ గడ్డేనట, మందులు వాడుతున్నారు, నెమ్మదిగా తగ్గుతున్నదని అమ్మాయి చెప్పింది.

మాస్టారు గారూ, "బతుకు" నాకు ఎంతో నచ్చింది గాని ఒక సందేహం. బయోకెమిస్ట్రీని "బతుకు రసాయనశాస్త్రం" అంటే కుదరడం లేదు. బయోస్ఫియర్, బయోగ్యాస్ దగ్గరా కుదరడం లేదు. మైక్రోబ్ దగ్గర కుదరదని ఇప్పుడే తెలిసింది. అప్పుడు పిల్లలకు బోర్డు మీద ఏమని రాయాలి? అలాగే కంప్యూటర్ ఆన్ చేయగానే వచ్చే బయోస్ కూడా ఇదేనా అని మరొక పిల్లవాడు అడిగాడు.

విశ్రాంత అధ్యాపకుడు, విజయవాడ

ముందుగా, మైక్రోబ్ విషయంలో పరిశోధక విద్యార్థిని చెప్పిన సవరణను నేను పూర్తిగా అంగీకరిస్తున్నాను. మాక్రోబియోస్ తెలిసి ఉండీ దానిని పక్కన పెట్టి చూసుకోలేదు.

మీ అభ్యంతరం న్యాయమైనదే. నేను ఒకే మాటతో అన్నిటినీ తెరవబోయాను, అది తొందరపాటు. 19వ శతాబ్దం గడిచేకొద్దీ బయో అనేది గ్రీకు మాటగా ఉండటం మాని, శాస్త్రజ్ఞుల చేతిలో ఒక అతుకుముక్క అయింది. జీవులకు సంబంధించినది అని మాత్రమే దాని అర్థం. 1875లో ఆస్ట్రియా భూగర్భశాస్త్రజ్ఞుడు సూస్ బయోస్ఫియర్ అన్నప్పుడు, భూమిమీద జీవులున్న పొర అని ఆయన ఉద్దేశం. బయోకెమిస్ట్రీ కూడా అటువంటిదే. కాబట్టి "బయో" మాట ముందు అతుక్కుని, దాని వెనుక ఒక శాస్త్రమో వస్తువో వస్తే "జీవ" అని చదవమనండి. మాట చివర "బియన్", "బయోసిస్", "బిక్" అని ఉంటే, ఏ ప్రాణి, ఎక్కడ, ఎవరితో, దేనితో బతుకుతున్నది అని అడగమనండి. దీనికి మినహాయింపులు ఉంటాయి, మైక్రోబ్ వంటివి. వాటిని మినహాయింపులుగానే చెప్పండి.

ఏరోబిక్ ఈ రెండవ తరహాకు మంచి ఉదాహరణ. 1860ల తొలి ఏళ్ళలో పాశ్చర్ పులుస్తున్న ద్రవం చుక్క ఒకటి గాజుపలక మీద పెట్టి చూస్తుండగా, చుక్క నడుమ ఉన్న సూక్ష్మజీవులు చురుగ్గా కదులుతున్నాయి, గాలి తగిలే అంచులో ఉన్నవి కదలిక మానేశాయి. గాలి లేకుండా బతికే ప్రాణి ఉంటుందని దానితో ఆయన గ్రహించి, గాలితో బతికేవి, గాలి లేక బతికేవి అనే అర్థంలో ఏరోబి, అనేరోబి అని పేర్లు పెట్టాడు. అక్కడ జీవం అంటే అర్థం పలచబడుతుంది, బతుకు అంటేనే నిలుస్తుంది.

కంప్యూటర్ బయోస్‌కు గ్రీకుతో సంబంధం లేదు. అది బేసిక్ ఇన్‌పుట్ అవుట్‌పుట్ సిస్టమ్ అనే మాటల మొదటి అక్షరాల కూర్పు.

సమాధానం: రైతు, తెనాలి దగ్గర

మేడమ్ గారూ, నేను వ్యవసాయ డిగ్రీ చదివి, మా నాన్నగారి తర్వాత మాగాణి చూసుకుంటున్నాను. గ్రీకు తెలియదు గాని, ఈ చర్చ చదువుతుంటే మా షెడ్డులో ఉన్న ప్యాకెట్టు గుర్తుకువచ్చింది. దానిమీద "రైజోబియం కల్చరు" అని ఉంటుంది. ఇన్నేళ్ళుగా విత్తనానికి పట్టిస్తున్నాము గాని ఆ పేరును విడదీసి చూడాలని ఎన్నడూ తోచలేదు. "రైజా" అంటే వేరు అని చదువుకున్నది గుర్తున్నది. మిగిలింది మాస్టారు గారు చెప్పిన బతుకే. వేరులో బతికేది. 1889లో జర్మన్ శాస్త్రజ్ఞుడు ఫ్రాంక్ ఆ పేరు పెట్టాడు.

మా వైపు వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, చేను ఇంకా తడిగా ఉండగానే మినుములు చల్లుతాము. వరి కోసేసరికి మొలకలు పైకి వస్తాయి. దున్నడం ఉండదు, యూరియా ప్రత్యేకంగా వేసేది కూడా ఉండదు. నెల దాటిన మొక్కను చుట్టూ మట్టి వదులు చేసి, వేరు తెగకుండా మెల్లగా ఎత్తి నీళ్ళలో జాడిస్తే, పక్కవేర్ల మీద ఆవగింజంత, కొన్నిచోట్ల మిరియపు గింజంత బుడిపెలు కనిపిస్తాయి. ఒకదానిని గోటితో చీలిస్తే లోపల లేత మాంసంలా గులాబీ ఎరుపు ఉంటుంది. మొట్టమొదట చూసినప్పుడు మొక్కకు నెత్తురున్నదా అనిపించింది. నిజానికి అది మన నెత్తుటిలోని హీమోగ్లోబిన్‌కు దగ్గరి చుట్టమైన లెగ్‌హీమోగ్లోబిన్. దాని పనిలో మీరు చెప్పుకుంటున్న మాటలన్నీ కలిసి ఉన్నాయి. రైజోబియం గాలిలోని నత్రజనిని మొక్కకు పనికివచ్చే రూపంలోకి మార్చి ఇస్తుంది, మొక్క దానికి పిండిపదార్థం ఇస్తుంది, ఇది సింబయోసిస్. రైజోబియం బతకడానికి ఆక్సిజన్ కావాలి కాబట్టి అది ఏరోబిక్. అయితే నత్రజనిని మార్చే ఎంజైము ఆక్సిజన్ తగిలితే చెడిపోతుంది. అందువల్ల ఆ ఎర్రని పదార్థం ఆక్సిజన్‌ను పట్టుకుని, ఊపిరికి సరిపడా మాత్రమే కొద్దికొద్దిగా అందిస్తుంది.

బుడిపె లోపల గులాబీగా ఉంటే అది పనిచేస్తున్నట్టు. పచ్చగానో గోధుమరంగుగానో మారితే దాని పని అయిపోయినట్టు. కాయ గట్టిపడే వేళకు చాలావరకు అలా మారిపోతాయి.

గుంటూరు టీచర్

రైతు గారూ, నా పిల్లలకు ఆ వేరు చూపించాలని ఉన్నది. వాళ్ళలో చాలామంది మినుములను కిరాణా కొట్టులో తప్ప చూసి ఉండరు. ఎప్పుడు వస్తే బుడిపెలు గులాబీగా ఉంటాయో చెప్పగలరా?

రైతు, తెనాలి దగ్గర

సంక్రాంతి వెళ్ళిన వారంలో రండి మేడమ్, అప్పటికి మా చేను పూతమీద ఉంటుంది. ఎండ ఎక్కకముందే వస్తే మంచిది, మంచుకు నేల మెత్తగా ఉండి వేరు తెగకుండా వస్తుంది. ఒక బకెట్టు నీళ్ళు, కొన్ని పాత బ్లేడ్లు నేను సిద్ధంగా ఉంచుతాను. భూతద్దాలు మీ పాఠశాలలో ఉంటే తెచ్చుకోండి. ఇరవై మొక్కలు పీకినా చేనుకు ఏమీ కాదు, ఆ అమ్మాయిచేతనే మొదటి బుడిపె కోయించండి. పక్క కాలువలో ఈ కాలానికి కప్పలు కూడా ఉంటాయి.